మైపాడు ఇసుకను చదవడం ఎలా?

మన బ్యాచ్‌లో ఎవరినైనా "మైపాడు వెళ్ళావా?" అని అడగండి. "ఓ, చాలాసార్లు" అంటారు. "ఏం చూశావు?" అని అడిగితే మాత్రం జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది: సముద్రం, బజ్జీల బండి. ఆ జవాబును కాస్త పొడిగిద్దామనే ఈ వ్యాసం.

విషయం ముందే చెప్పేస్తాను. ఇందుకూరుపేట మండలం తీరం పగలు మనది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట మాత్రం అది ఆలివ్ రిడ్లీ తాబేలుది. అది వచ్చి వెళ్ళిన గుర్తులు ఇసుక మీద ఉంటాయి. వాటిని చదవడం నేర్చుకుంటే, మనం అక్కడ చేసే ఏ పని దానికి అడ్డమో కూడా తెలుస్తుంది. అలాంటి పనుల్లో మన చేతిలో పూర్తిగా ఉన్నది ఒకటుంది. లైటు వేయడం. అక్కడికి వెళ్ళేలోపు కొంచెం నడక ఉంది.

ముందు మ్యాపు

నెల్లూరు నుంచి తూర్పుకు సుమారు 25 కిలోమీటర్లు వెళ్తే మైపాడు. దారిలో ఇందుకూరుపేట వస్తుంది. మా అమ్మమ్మ వాళ్ళది ఈ మండలమే కాబట్టి ఈ రోడ్డు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. రెండు పక్కలా వరి, తర్వాత రొయ్యల గుంటలు, తర్వాత బకింగ్‌హామ్ కాలువ, అది దాటితే సరుగుడు తోటలు, ఆ తర్వాత నీళ్ళు.

మ్యాపులో ఉత్తరానికి జరిపితే పెన్నా నది సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. దాన్ని మొగ అంటారు. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, దాదాపు 600 కిలోమీటర్లు ప్రయాణం చేసి పెన్నా ఇక్కడికి చేరుతుంది. దక్షిణానికి జరిపితే కండలేరు మొగ, కృష్ణపట్నం పోర్టు. ఈ రెండు మొగల మధ్య ఉన్న ఇసుక పట్టీలో ఒక భాగమే మన మైపాడు.

ఈ ఇసుక ఉన్నచోటే ఉండదు. అలలు ఒడ్డుకు తిన్నగా కాకుండా ఏటవాలుగా తగులుతాయి కాబట్టి ఒక్కో అల ఇసుకను కొంచెం కొంచెం పక్కకు జరుపుతుంది. నైరుతి గాలుల కాలంలో ఉత్తరానికి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద కూడికలు తీసివేతలు చేస్తే మన తూర్పు తీరంలో ఇసుక ఉత్తరం వైపే ఎక్కువగా వెళ్తుంది. పెన్నా లాంటి నదులు కొత్త ఇసుక తెచ్చిపోస్తుంటాయి. సోమశిల లాంటి ఆనకట్టల వెనక అందులో కొంత ఆగిపోతుంది. అంటే బీచ్ అనేది బ్యాంకు అకౌంటు లాంటిది. జమ, ఖర్చు రెండూ నడుస్తుంటేనే నిల్వ ఉంటుంది. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలుకు కావలసింది ఆ నిల్వే. అల అందనంత ఎత్తులో, తవ్వితే కూలిపోనంత తడితో ఉన్న ఇసుక.

కాలువ నుంచి అల దాకా

ఇప్పుడు కాలువ గట్టు మీద నుంచి సముద్రం వైపు నడుద్దాం. తక్కువ దూరంలోనే వేరువేరు పట్టీలు దాటుతాం. ఒక్కోదానికి ఒక్కో పని ఉంది.

మొదటిది కాలువ. 1806లో మద్రాసు దగ్గర చిన్నగా మొదలైన ఈ తవ్వకం తర్వాత ఉత్తరానికీ దక్షిణానికీ పెరిగింది. 1876-78 కరువు రోజుల్లో కూలి పనిగా పెద్ద భాగం తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పేరు పెట్టారు. ఒకప్పుడు కాకినాడ వైపు నుంచి మద్రాసుకు సరుకు పడవలు దీని మీదే నడిచేవి. 2004 డిసెంబర్ 26 సునామీ రోజున చాలా చోట్ల పొంగి వచ్చిన నీటిని ఈ కాలువ తనలోకి తీసుకుని, లోపలి ఊళ్ళకు దెబ్బ తగ్గించింది. తవ్వినవాళ్ళు పడవల కోసం తవ్వారు, అది చేసిన మేలు ఇంకొకటి.

రెండోది రొయ్యల గుంటలు. 1990ల మొదట్లో నెల్లూరు తీరంలో ఇవి ఒక్కసారిగా పెరిగాయి. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీరానికి మరీ దగ్గరగా ఉన్న గుంటల మీద గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి వీటికి అనుమతులు ఇచ్చే ఒక అథారిటీని పెట్టింది. 2009లో వనామీ రకం దేశంలోకి వచ్చాక గుంటలు మళ్ళీ ఊపందుకున్నాయి. మనలో కొందరి ఫీజులు ఈ గుంటల మీదే కడుతున్నారు కాబట్టి దీన్ని విలన్‌గా చూపించే ఉద్దేశం నాకు లేదు. ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. గుంటల మీద రాత్రంతా లైట్లు వెలుగుతాయి.

మూడోది సరుగుడు. ఇది మన నేల చెట్టు కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చింది. తుఫాను గాలి జోరు తగ్గించడానికి, కట్టెకు, తీరం పొడవునా నాటారు. గాలిని ఆపే పని అది బాగానే చేస్తుంది. కానీ మరీ నీళ్ళ అంచు దాకా నాటితే తాబేలు గుడ్లు పెట్టే చోటే తగ్గిపోతుంది. వేర్లు అడ్డం వస్తాయి, నీడ ఇసుకను చల్లబరుస్తుంది. ఆ నీడకు ఎంత విలువుందో కాసేపట్లో చెప్తాను.

నాలుగోది ఇసుక తిన్నెలు. ఇక్కడ ఊదా రంగు పూలతో నేల మీద పాకే తీగ బాలబంధి తీగ. దాని ఆకు మేక గిట్టలా రెండుగా చీలి ఉంటుంది. పక్కనే బంతుల్లా దొర్లే ముళ్ళ గడ్డి ఉంటుంది. దాన్ని రావణాసురుడి మీసాలు అంటారు. ఇలాంటి పేర్లు నేను చదివిన ఏ ఇంగ్లీష్ మీడియం పుస్తకంలోనూ లేవు. గాలికి దొర్లే ఆ ముళ్ళ బంతి ఒక్కసారి కాలికి తగిలితే, మీసాలు అని ఎందుకన్నారో ఎవరూ వివరించక్కర్లేదు. ఈ రెండూ కలిసి ఇసుకను పట్టి ఉంచుతాయి. వీటిని తొక్కుతూ బైకులు తిప్పితే తిన్నె విడిపోయి గాలికి పోతుంది.

అయిదోది తడి ఇసుక. పోటుకు మునిగి, పాటుకు బయటపడే జాగా. ఇక్కడ ఎండ్రకాయలదే రాజ్యం. బొరియ నోటి దగ్గర చిన్న చిన్న ఇసుక గోళీలు ముగ్గు పెట్టినట్టు పరిచి ఉంటే, అది ఒక చిన్న జాతి ఎండ్రకాయ పని. ఇసుకను నోట్లో వేసుకుని తిండి తీసుకుని, మిగిలిన ఇసుకను గోళీ చేసి పక్కన పెడుతుంది. పోటు వచ్చి అంతా తుడిచేస్తుంది. పాటు రాగానే మళ్ళీ మొదలు. వేగంగా పక్కకు పరిగెత్తే పెద్ద ఎండ్రకాయలు వేరే. అవి పిల్ల తాబేళ్ళను కూడా పట్టుకుంటాయి.

పక్షుల కోసమైతే జనం పులికాట్, నేలపట్టు వెళ్తారు, ఫ్లెమింగోలు, గూడబాతులు చూసి వస్తారు. ఆ అతిథులకు పండగే ఉంది. మన మండలానికి వచ్చే అతిథి చీకట్లో వచ్చి, తెల్లారేలోపు వెళ్ళిపోతుంది. అందుకే జాడ చదవడం రావాలి.

జాడ

భారత సముద్ర జలాల్లో అయిదు రకాల సముద్రపు తాబేళ్ళు ఉన్నాయి. మన తీరానికి గుడ్లు పెట్టడానికి ఎక్కువగా వచ్చేది ఆలివ్ రిడ్లీ. డిప్ప పొడవు సుమారు 60 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 35 నుంచి 45 కిలోలు. ఒడిశాలో గహిర్‌మఠ, ఋషికుల్య దగ్గర ఇవి లక్షల్లో ఒకేసారి ఒడ్డెక్కుతాయి, టీవీలో చూసే ఉంటారు. మన దగ్గర అలా కాదు. ఒక్కొక్కటిగా, చడీచప్పుడు లేకుండా వస్తాయి.

తెల్లవారుజామున, మనుషుల అడుగులు పడకముందు వెళ్తే, నీళ్ళ నుంచి తిన్నె వైపు చిన్న ట్రాక్టరు చక్రం వెళ్ళినట్టు ఒక చార కనిపించవచ్చు. దాన్ని ఇలా చదవాలి.

ఒకటి, ఎడమ, కుడి గుర్తులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్నాయా? ఆలివ్ రిడ్లీ మనం నడిచినట్టే ఒక పక్క తర్వాత ఇంకో పక్క తెడ్డు వేస్తుంది, కాబట్టి గుర్తులు అటొకటి ఇటొకటి పడతాయి. పెద్ద పచ్చ తాబేలు రెండు తెడ్లూ ఒకేసారి వేస్తుంది, గుర్తులు జతలుగా పడతాయి.

రెండు, ఎటు వెళ్ళింది? తెడ్డు ఇసుకను వెనక్కి నెడుతుంది. కాబట్టి ప్రతి గుర్తు వెనక చిన్న ఇసుక కుప్ప ఉంటుంది. కుప్ప సముద్రం వైపు ఉంటే అది ఎక్కిన జాడ, తిన్నె వైపు ఉంటే దిగిన జాడ.

మూడు, పైన ఏం జరిగింది? ఎక్కిన జాడ, దిగిన జాడ కలిసే చోట ఇసుక చెల్లాచెదురుగా, పైన ఒత్తినట్టు ఉంటే గూడు ఉండే అవకాశం ఎక్కువ. గుడ్లు పెట్టాక తాబేలు గుంత పూడ్చి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ ఇసుకను దిమ్మిస చేస్తుంది. అలాంటిదేమీ లేకుండా జాడ ఊరికే వంకర తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోయి ఉంటే, అది గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోయిందని అర్థం.

ఈ మూడోది నాకు పుస్తకంలో కాదు, పోయిన ఫిబ్రవరిలో అక్కడే అర్థమైంది. ఒక పెద్దాయన వల బాగు చేసుకుంటూ కూర్చుని ఉన్నాడు. నీళ్ళ నుంచి పది పన్నెండు అడుగులు వచ్చి తిరిగిపోయిన జాడ ఒకటి చూపించి "తాతా, ఇది ఎందుకు వెనక్కి పోయింది?" అని అడిగాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "రాత్రి ఈడ కారు లైట్లు ఏసుకోని కూచున్నారబ్బయా ఎవరో. అది చూస్తే ఎట్టొస్తాది?" అన్నాడు. కాసేపాగి, "కడుపులో గుడ్లు పెట్టుకోని తిరగతా ఉంటాది పాపం. ఇంకో రాత్రికి రావాల" అన్నాడు. నేను నెట్‌లో నాలుగు ట్యాబులు తెరిచి చదివింది ఆయన రెండు వాక్యాల్లో చెప్పేశాడు.

గూడు

గూడు అంటే ఇసుకలో సుమారు ఒకటిన్నర అడుగు లోతు గుంత. ఆకారం కూజాలా ఉంటుంది, మెడ సన్నం, అడుగు వెడల్పు. వెనక తెడ్లతోనే, కంటికి కనపడకుండానే, తాబేలు దీన్ని తవ్వుతుంది. అందులో వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. పింగ్‌పాంగ్ బంతి అంత ఉంటాయి, పెంకు మెత్తగా తోలులా ఉంటుంది. ఆ తర్వాత తల్లి మళ్ళీ వెనక్కి తిరిగి చూడదు. 45 నుంచి 60 రోజులు పొదిగేది ఇసుకే.

ఆ ఇసుకే ఇంకో పని కూడా చేస్తుంది. తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది మనలా క్రోమోజోములు తేల్చవు. పొదిగే కాలంలో మధ్య రోజుల్లో గూడు ఎంత వేడిగా ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. సుమారు 29 డిగ్రీలకు అటూ ఇటూ ఒక గీత ఉంది. అంతకంటే వేడైతే ఎక్కువగా ఆడపిల్లలు, చల్లనైతే ఎక్కువగా మగపిల్లలు. ఇందాక సరుగుడు నీడకు విలువుందన్నది ఇందుకే. ఒక చెట్ల వరస ఎక్కడ నాటామన్నది, ఒక ఎండాకాలం రెండు డిగ్రీలు పెరిగిందన్నది, కొన్నేళ్ళ తర్వాత సముద్రంలో ఉండే తాబేళ్ళలో ఆడ, మగ లెక్కను మార్చగలవు.

గూడు కనిపిస్తే తవ్వి చూద్దామనిపిస్తుంది. వద్దు. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డును కదిలించినా, తలకిందులు చేసినా చచ్చిపోతుంది. శిక్షణ ఉన్నవాళ్ళు, అటవీ శాఖ అనుమతితో, తొలి గంటల్లోనే తీసి కంచె వేసిన చోట మళ్ళీ పాతిపెడతారు. కుక్కలు, నక్కలు తవ్వి తినకుండా ఉండడానికి అలా చేస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది. అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ. గుడ్డు జేబులో వేసుకున్నా నేరమే.

పిల్ల తాబేలు ప్రోగ్రాం

మనం సీఎస్ వాళ్ళం కాబట్టి దీన్ని మన భాషలో చెప్పుకుందాం. గూడులో పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి వస్తాయి. పై ఇసుక వేడిగా ఉంటే ఆగిపోతాయి, చల్లబడితే బయటికొస్తాయి. అంటే "రాత్రి అయింది" అన్నది వాటికి గడియారం చెప్పదు, ఉష్ణోగ్రత సెన్సరు చెప్తుంది. బయటికి రాగానే ఒకే ఒక రూలు: కిందుగా, దిగంతం దగ్గర, ఎటు ఎక్కువ వెలుగుందో అటు పరిగెత్తు. చీకటిగా, ఎత్తుగా ఉన్నవాటికి దూరంగా పో.

చెట్లూ తిన్నెలూ ఉన్న నేల చీకటిగా ఉంటుంది. ఆకాశాన్ని ప్రతిఫలించే సముద్రం మెరుస్తూ ఉంటుంది. కాబట్టి ఈ రూలు ప్రతిసారీ సరైన జవాబే ఇచ్చేది. సముద్రపు తాబేళ్ళ వంశం 10 కోట్ల ఏళ్ళకు పైగా పాతది. అన్నేళ్ళు బగ్ లేకుండా నడిచిన ప్రోగ్రాం ఇది. ఇప్పుడు తప్పు ప్రోగ్రాంలో లేదు, మనం ఇన్‌పుట్ మార్చాం. వెనక రిసార్టు లైటు, రోడ్డు లైటు, గుంట లైటు, కారు హెడ్‌లైటు, మన ఫోను టార్చి. పిల్ల అటే పోతుంది. రాత్రంతా తిరిగి తిరిగి అలిసిపోతుంది, లేదా కుక్కకు దొరుకుతుంది, లేదా పొద్దున ఎండకు ఎండిపోతుంది.

పుట్టిన వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందని సాధారణంగా చెప్పే లెక్క. అలా బతికిన ఆడ తాబేలు పెద్దదవడానికి సుమారు 15 ఏళ్ళు పడుతుంది. అప్పుడు తాను పుట్టిన తీర ప్రాంతానికే గుడ్లు పెట్టడానికి తిరిగి వస్తుంది. వనామీ రొయ్య మన దేశానికి వచ్చిన రోజుల్లో ఇక్కడ పుట్టిన తాబేలు, ఇప్పుడు మొదటిసారి తిరిగొచ్చే వయసులో ఉంటుంది. మనకన్నా కాస్త చిన్నది. దానికి గుర్తున్న తీరం చీకటి తీరం.

వల

లైటు మీదే అంతా తోసేస్తే అది సగం పాఠమే అవుతుంది. పెద్ద తాబేళ్ళు ఎక్కువగా చచ్చిపోయేది వలల్లో. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, మధ్యమధ్యలో పైకి రావాలి. మరబోట్లు గంటల తరబడి అడుగున లాగే ట్రాల్ వలలో పడితే పైకి రాలేక మునిగిపోతుంది. 2025 జనవరిలో చెన్నై, దాని పరిసర తీరాల్లో వందల కొద్దీ తాబేళ్ళు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి.

దీనికో సాధనం ఉంది, టెడ్ అంటారు. ట్రాల్ వల మెడలో ఏటవాలుగా ఒక కమ్మీల చట్రం బిగిస్తారు. రొయ్యలు, చేపలు కమ్మీల మధ్య నుంచి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, పక్కనున్న మూత తోసుకుని బయటపడుతుంది. మూతలోంచి కొంత చేప కూడా పోతుందన్నది బోటువాళ్ళ బాధ. డీజిలు ఖర్చు లెక్కేసుకునేవాళ్ళకు అది చిన్న బాధేం కాదు. ఈ చట్రం గొడవ ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళింది, అమెరికా మీద ఫిర్యాదు చేసిన దేశాల్లో మనమూ ఉన్నాం. 2019 నుంచి అమెరికా మన సముద్రంలో పట్టిన రొయ్యల్ని ఇదే కారణంతో ఆపేసింది. గుంటల్లో పెంచినవాటికి ఆ నిషేధం లేదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని బట్టి పెట్టింది. తాబేళ్ళు ఒడ్డుకు దగ్గరగా తిరిగేది అంతకు ముందే, జనవరి నుంచి మార్చి దాకా. అంటే నిషేధం మొదలయ్యేసరికి వాటి కష్టకాలం చాలావరకు అయిపోయి ఉంటుంది. మన రాష్ట్ర చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా చిన్న పడవలదే, మరబోట్లు రాకూడదు. ఈ ఒక్క రూలు గట్టిగా అమలైతే చిన్న పడవల వాళ్ళకూ, తాబేళ్ళకూ ఒకేసారి మేలు. వల బాగు చేసుకుంటున్న ఆ తాత, తాబేలు ఒకే పక్షం అని నాకు అనిపించింది ఇక్కడే.

మనం ఏం చేయొచ్చు

బోట్లు మన చేతిలో లేవు. లైటు ఉంది. ఈ జనవరి నుంచి మార్చి దాకా మైపాడు వెళ్ళేవాళ్ళకు:

రాత్రి నీళ్ళ వైపు కారు, బైకు హెడ్‌లైటు పెట్టి ఆపకండి. ఫోను టార్చి, ఫ్లాష్ వాడకండి. తప్పనిసరైతే ఎర్ర కాగితం చుట్టిన చిన్న లైటు, అదీ నేల మీదకే. ఎరుపు వాటిని తక్కువ కలవరపెడుతుంది.

తాబేలు ఒడ్డెక్కుతుంటే దూరంగా, వెనక వైపు, కదలకుండా కూర్చోండి. సెల్ఫీ కోసం ముందుకు వెళ్ళకండి.

తిన్నెల మీద, బాలబంధి తీగ మీద బండ్లు తిప్పకండి. తినగా మిగిలింది ఇసుకలో పారేయకండి. అది కుక్కల్ని పిలుస్తుంది. కుక్కలు గూళ్ళను వెతుకుతాయి.

జాడగానీ గూడుగానీ కనిపిస్తే తవ్వకుండా, టైము, చోటు రాసుకుని అటవీ శాఖ వాళ్ళకు చెప్పండి. దారి తప్పిన పిల్ల కనిపిస్తే నీళ్ళలోకి విసరకండి. తడి ఇసుక మీద, సముద్రం వైపు చీకట్లో వదలండి, అది తనంతట తాను నడవాలి.

ఇది విద్యార్థులతో అయ్యే పనేనా అంటే, చెన్నైలో 1988 నుంచి విద్యార్థుల సముద్ర తాబేళ్ళ సంరక్షణ బృందం ఒకటి నడుస్తోంది. సీజన్లో రాత్రుళ్ళు బీచ్ వెంట నడిచి, గూళ్ళు చూసి, కాపాడుతున్నారు. ఒక బ్యాచ్ పాసై వెళ్ళిపోతే ఇంకో బ్యాచ్ వస్తుంది. మన క్లబ్బులో ఇరవై మందికి పైగా ఉన్నాం. మొదటి ఏడాది గూళ్ళు కాపాడక్కర్లేదు. నెలకు రెండు తెల్లవారుజాములు నడిచి, కనిపించిన జాడలు తేదీతో, చోటుతో ఒక షీటులో రాస్తే చాలు. పక్క కాలమ్‌లో అక్కడి వాళ్ళు చెప్పే మాటలు రాద్దాం: మొగ, పోటు, పాటు, తిన్నె, రావణాసురుడి మీసాలు. జనవరి రెండో వారంలో మొదటి నడక అనుకుంటున్నాను. పొద్దున నాలుగున్నరకు నెల్లూరులో బయల్దేరాలి. వచ్చేవాళ్ళు క్లబ్బు గ్రూపులో చెప్పండి, టార్చి మాత్రం ఇంట్లో పెట్టి రండి.